రెండో కాన్పుకి పెద్ద పిల్లను ఊరికి పంపేయాలా? మా ఇంట్లో ఏం జరిగిందంటే

"మా పాపకి మూడేళ్లు. నాకిప్పుడు ఐదో నెల. కాన్పు టైముకి పాపను ఓ నెల రోజులు ఊళ్లో వదిలేయమంటున్నారు మా అత్తయ్య. వదలాలా? ఇంట్లో ముందుగా ఏమేం సర్దుకోవాలి?" అని అడిగారు.

నాకు ఇద్దరు. పెద్దది పాప, ఇప్పుడు ఐదున్నర. బాబుకి రెండు నిండాయి. ఉండేది హైదరాబాద్‌లో, మియాపూర్ దగ్గర రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మొదటి కాన్పు మా అమ్మావాళ్లింట్లో, తెనాలిలో జరిగింది. రెండోది ఇక్కడే. ఊరి సంగతి చివర్లో చెప్తాను, ముందు పడక సంగతి.

మా పాప పుట్టిన దగ్గర్నుంచీ నా పక్కనే పడుకునేది. చెయ్యి నా మెడ మీద ఉండాలి, తీస్తే లేచిపోయేది. తమ్ముడు పుట్టిన రోజు నుంచి దాన్ని పక్కకి జరిపితే, ఎవరి వల్ల జరిపామో దానికి తెలియదా? అందుకే ఐదో నెల్లోనే మొదలుపెట్టాం. ముందు మా ఆయన మా ఇద్దరి మధ్యకి వచ్చి పడుకున్నారు. మొదటి వారం రోజూ ఏడుపే. నేను రెండుసార్లు మనసాగక మళ్లీ పక్కన పడుకోబెట్టుకున్నాను, దాంతో మళ్లీ మొదటికి వచ్చింది. ఎనిమిదో నెలకి కథ చెప్పడం, దుప్పటి కప్పడం, అర్ధరాత్రి బాత్రూంకి తీసుకెళ్లడం అన్నీ నాన్న పనులైపోయాయి. స్నానం, జడ కూడా ఆయనకే అప్పజెప్పాను. ఆ జడలు చూసి ప్లేస్కూల్ ఆయా రోజూ విప్పి మళ్లీ వేసేదట.

ప్లేస్కూల్లో వేయాలనుకుంటే ఇప్పుడే వేసేయండి, లేదా కాన్పయ్యాక నాలుగైదు నెలలు ఆగండి. డైపర్ మాన్పించడం కూడా అంతే. సరిగ్గా కాన్పు నెలలో ఏ కొత్త అలవాటూ పెట్టకండి.

ఇంకోటి, ఎత్తుకోవడం. నాకు మొదటిది ఆపరేషన్, రెండోదీ అదేనని ముందే తెలుసు. కాన్పయ్యాక ఆరు వారాలు బరువులు ఎత్తొద్దన్నారు డాక్టరుగారు. పాప అప్పటికే పద్నాలుగు కిలోలు. "అమ్మ ఎత్తుకోదు" అని చెప్తే ఏ పిల్ల వింటుంది? ఏడో నెల నుంచి "నేను కూర్చుంటా, నువ్వే ఎక్కు" అని ఆట మొదలుపెట్టాను. సోఫాలో కూర్చుంటే అదే ఎక్కి ఒళ్లో కూర్చునేది. కుట్లు ఉన్నప్పుడు పొట్ట మీద దిండు పెట్టుకుని అదే ఆట ఆడాం.

ఇంత చేసి ఒక్కటి మర్చిపోయాం. ఆపరేషన్ సోమవారం అనుకున్నాం. హాస్పిటల్‌కి ఎలా వెళ్తాం, ఎప్పుడొస్తాం అని పాపకి పది రోజుల ముందు నుంచే చెప్తున్నాను. నొప్పులు అంతకుముందు గురువారం రాత్రి రెండింటికే వచ్చేశాయి. అమ్మ ఇంకా తెనాలిలోనే ఉంది. పక్క ఫ్లాట్ ఆంటీని లేపి, నిద్రపోతున్న పిల్లను ఆవిడకి అప్పజెప్పి వెళ్లిపోయాం. తెల్లారి లేచేసరికి అమ్మా లేదు, నాన్నా లేడు. మర్నాడు హాస్పిటల్‌కి వస్తే నా మొహం చూడలేదు. "చెప్పకుండా పోయావ్" అంది, అంతే. ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు నా దగ్గరికి రాలేదు. కాబట్టి, అర్ధరాత్రి వెళ్లాల్సి వస్తే పాప దగ్గర ఎవరుంటారో తేల్చుకోండి, వాళ్లింట్లో ఒకటి రెండు రాత్రులు పడుకోబెట్టి అలవాటు చేయండి. వెళ్లేముందు నిద్ర లేపైనా సరే చెప్పి వెళ్లండి. ఏడిస్తే ఏడుస్తుంది.

పిల్లకంటే ముందు పెద్దవాళ్లకి చెప్పుకోవాల్సింది చాలా ఉంది. "తమ్ముడొస్తే నిన్ను మీ అమ్మ చూడదే, మాతో వచ్చెయ్" అని లిఫ్టులో కనపడ్డ ప్రతివాళ్లూ ఆట పట్టించేవాళ్లు. వాళ్లకది సరదా, పిల్లకి అది వార్త. ఇంట్లోవాళ్లకి గట్టిగానే చెప్పాను. బయటివాళ్ల ముందు "అదేం లేదు, ఆంటీ ఊరికే అంటోంది" అని పాపతోనే అనేదాన్ని. "చిన్నపిల్లల నోట్లోంచి వస్తే నిజమవుతుంది, తమ్ముడా చెల్లా చెప్పు" అని మా అత్తయ్య రోజుకోసారి అడిగేవారు. చెల్లి అని చెప్పి, తమ్ముడు వస్తే ఆ తప్పు తనదే అనుకుంటుందేమోనని నా భయం. "బేబీ" అనే పిలిచాం. "నువ్వు అక్కవి, పెద్దదానివి" అనే మాట కూడా మాన్పించాను. మూడున్నరేళ్లది పెద్దదేంటి?

ఇంటికొచ్చాక పాప మళ్లీ పక్క తడిపింది, ముద్దు ముద్దుగా మాట్లాడటం మొదలుపెట్టింది. వస్తుందని ముందే విన్నాను కాబట్టి పట్టించుకోలేదు. రెండు నెలల్లో పోయింది. ఈ మధ్యలో మా అమ్మ చేసిన పని ఒకటి ఉంది. అమ్మ తెనాలి నుంచి సాంబ్రాణి, మా చిన్నప్పటి వెండి ఉగ్గుగిన్నె తెచ్చింది. పసివాడికి పొగ తగలకూడదని, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టొద్దని డాక్టరుగారు చెప్పారు. అమ్మ మొహం చిన్నబోయింది. ఒక రోజు అలిగి, మర్నాడు పాపకి తలంటి, బాల్కనీలో కూర్చోబెట్టి, జుట్టుకి సాంబ్రాణి వేసింది. ఉగ్గుగిన్నెతో పాలు తాగించింది. "ఇవి తమ్ముడికి లేవు, నీకే" అంది. నేను చెప్పిన బేబీ కథలన్నీ ఒక ఎత్తు, ఆ ఉగ్గుగిన్నె ఒక ఎత్తు. ఆదివారం వస్తే చాలు, సాంబ్రాణి అంటూ అమ్మ వెంట పడేది.

చూడ్డానికి వచ్చేవాళ్లు బాబుకి గౌన్లు తెస్తారు. వాళ్లతో "మా పాపే మీకు బాబుని చూపిస్తుంది" అనేదాన్ని. దుప్పటి తీసి చూపించే పని దానిది.

ఇక కాగితాలు. మీరు ఉద్యోగస్తులైతే రెండో బిడ్డకీ 26 వారాల ప్రసూతి సెలవు ఉంటుంది, అందులో కాన్పుకి ముందు ఎనిమిది వారాలకి మించి వాడుకోలేరు. నేను ముందు రెండు వారాలే వాడి మిగతాది దాచుకున్నాను. జననం 21 రోజుల్లోపు నమోదవ్వాలి, హాస్పిటల్ వాళ్లు పంపారో లేదో డిశ్చార్జ్ రోజే అడగండి. ఆఫీసు ఇన్సూరెన్స్‌లో బిడ్డ పేరు ఎన్ని రోజుల్లోపు చేర్చాలో ఇప్పుడే కనుక్కోండి. మా ఆయనకి ఇచ్చింది ఐదు రోజుల సెలవే. హాస్పిటల్లో అమ్మ ఉంది కాబట్టి రెండు రోజులే వాడి, మిగతా మూడూ అమ్మ ఊరెళ్లిన వారానికి ఉంచుకున్నాం. అసలు కష్టం ఆ వారమే.

ఇక మీ అత్తయ్యగారి మాట. ఆవిడ మీకు విశ్రాంతి దొరకాలనే అంటున్నారు, అది కాదనను. మా అక్క అలాగే కొడుకుని నెల రోజులు ఊళ్లో ఉంచింది. వాడు తిరిగొచ్చేసరికి తన మంచం మీద ఇంకో బిడ్డ ఉంది. ఏడాది దాకా వాడు ఊరి పేరెత్తితే ఏడ్చేవాడు. నేనైతే పంపను. పాపను అక్కడికి పంపే బదులు అత్తయ్యగారినే మీ దగ్గరికి రమ్మనండి. అది కుదరదు, పంపక తప్పదంటే ఇప్పుడే, ఈ ఐదో నెల్లోనే, నాలుగు రోజులు పంపి మీరే వెళ్లి తీసుకురండి. కాన్పు వారంలో మాత్రం వద్దు.