పరిశోధన పాలసీ దాకా చేరాలంటే: ఇంపాక్ట్ అసెస్‌మెంట్‌లో కెరీర్

ప్రశ్న: ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. జర్నల్లో అచ్చయి అక్కడితో ఆగిపోయే పరిశోధన కాకుండా, ప్రభుత్వ నిర్ణయాలకు ఉపయోగపడే పని చేయాలని ఉంది. సుస్థిర అభివృద్ధి గురించి ఎక్కడ చదివినా ‘ఇంపాక్ట్ అసెస్‌మెంట్’ అనే మాట కనిపిస్తోంది. ఈ రంగంలోకి వెళ్లాలంటే ఏం నేర్చుకోవాలి? పీహెచ్‌డీ తప్పనిసరా?
- ఒక విద్యార్థిని

జవాబు: ఈ ఒక్క పేరుతో రెండు వేర్వేరు వృత్తులు నడుస్తున్నాయి. మీకు ఏది కావాలో ముందే తేల్చుకోండి. లేకపోతే పనికిరాని కోర్సులో ఏడాదో రెండేళ్లో పోతాయి.

మొదటిది నిర్ణయానికి ముందు చేసే మదింపు. ఆనకట్ట, రహదారి, కొత్త పన్ను, కొత్త చట్టం లాంటివి రాబోతున్నప్పుడు దాని వల్ల ఎవరికి ఏమవుతుందో ముందుగా అంచనా వేయడం. పర్యావరణ ప్రభావ మదింపు, సామాజిక ప్రభావ మదింపు, చట్టాలూ నిబంధనల మీద చేసే రెగ్యులేటరీ మదింపు అన్నీ దీని కిందికే వస్తాయి. దీనికి చట్టబద్ధమైన రూపం ఇచ్చింది అమెరికా జాతీయ పర్యావరణ విధాన చట్టం. అది 1970 జనవరి 1న సంతకమైంది. యూరప్‌లో 1985 నాటి ఆదేశం ప్రాజెక్టులకు, 2001 నాటి ఆదేశం ప్రణాళికలకు, కార్యక్రమాలకు మదింపును తప్పనిసరి చేశాయి.

రెండోది అమలు తర్వాత చేసే మూల్యాంకనం. వచ్చిన మార్పు ఆ పథకం వల్లే వచ్చిందా, పథకం లేకపోయినా వచ్చేదా అన్నది ఇక్కడ ప్రశ్న. మెక్సికో 1997లో ప్రొగ్రెసా అనే నగదు బదిలీ పథకాన్ని మొదలుపెట్టినప్పుడు 506 గ్రామ సముదాయాలను అధ్యయనానికి తీసుకుంది. లాటరీ పద్ధతిలో 320 చోట్ల పథకాన్ని ముందు ఇచ్చి, మిగిలిన 186 చోట్ల ఆలస్యంగా ఇచ్చింది. 2000లో ప్రభుత్వం మారినా పథకం రద్దు కాలేదు, పేరు మార్చుకుని విస్తరించింది. అందుకు ఆ అధ్యయనం ఇచ్చిన ఆధారాలు బాగా తోడ్పడ్డాయి. దీన్నుంచి మీరు గమనించాల్సింది ఒకటుంది: పోలికకు వీలయ్యే ఏర్పాటు పథకం విస్తరించకముందే జరిగింది. అంతా అయిపోయాక వెళ్లి ‘ప్రభావం కొలుద్దాం’ అంటే పోల్చడానికి ఎవరూ మిగలరు.

మీ చదువు మిమ్మల్ని మొదటి దారికి దగ్గర చేస్తుంది. అయినా రెండో దారివాళ్ల ఆలోచన, అంటే ‘ఇది లేకపోతే ఏం జరిగేది?’ అన్న ప్రశ్న, మీకు కచ్చితంగా అలవాటు కావాలి.

ఇక అసలు విషయం. పరిశోధనకూ పాలసీకీ మధ్య వంతెన రిపోర్టు పూర్తయ్యాక కట్టేది కాదు. స్కోపింగ్ దశలోనే, అంటే ఏ ప్రశ్నలు అధ్యయనం చేయాలి, ఏవి వదిలేయాలి, ఏ ప్రత్యామ్నాయాలను పోల్చాలి అని తేల్చే దశలోనే దాన్ని కట్టాలి. చాలా మదింపులు వృథా అయ్యేది సైన్స్ తప్పయినందుకు కాదు, స్థలమూ డిజైనూ ఖరారైపోయాక మొదలైనందుకు. అప్పుడు రిపోర్టుకు మిగిలే పని చెట్లు ఎన్ని నాటాలో చెప్పడమే. అందుకే ఏ పని చేతికొచ్చినా మూడు విషయాలు ముందు రాసుకోండి. ఈ నిర్ణయం ఎవరు తీసుకుంటారు? ఏ తేదీలోగా? ఇంకా మార్చడానికి వీలున్నవి ఏవి? మూడో దానికి జవాబు ‘ఏవీ లేవు’ అయితే మీ పరిశోధన ఎంత గొప్పదైనా ఆ నిర్ణయాన్ని కదిలించలేదు. దాన్ని తర్వాతి నిర్ణయానికి సిద్ధం చేయడమే మేలు.

ప్రత్యామ్నాయాల్లో ‘ఏమీ చేయకపోవడం’ కూడా ఒకటి. దాన్ని ఒక పేరాతో తోసేసిన రిపోర్టులు కొల్లలుగా కనిపిస్తాయి. ఏమీ చేయకపోయినా పరిస్థితి ఇవాళ్టిలా నిలిచి ఉండదు. భూగర్భజలం తగ్గుతుంటే ఇంకా తగ్గుతుంది. కాబట్టి ప్రాజెక్టుతో వచ్చే భవిష్యత్తును ఇవాళ్టి స్థితితో కాదు, ప్రాజెక్టు లేని భవిష్యత్తుతో పోల్చాలి.

తర్వాత ఎక్కువగా దెబ్బతినేది బేస్‌లైన్, అంటే ప్రాజెక్టుకు ముందున్న పరిస్థితిని నమోదు చేయడం. ఒక్క రుతువులో నమూనాలు తీసి ఏడాది మొత్తానికీ తీర్పు ఇస్తారు. ఎండాకాలంలో ఖాళీగా కనిపించిన చిత్తడి నేల శీతాకాలంలో వలస పక్షులకు నెలవు కావచ్చు. పక్కనే ఇప్పటికే ఉన్న పరిశ్రమలతో కలిపి లెక్కించాల్సిన సంచిత ప్రభావాన్ని వదిలేస్తారు. విడివిడిగా చూస్తే ప్రతి ప్రాజెక్టూ పరిమితిలోనే ఉంటుంది, నది మాత్రం పరిమితి దాటిపోతుంది.

లెక్కల దగ్గరికి వస్తే, సైన్స్ విద్యార్థులు సామాజిక సర్వేల్లో తడబడే చోటు ఒకటుంది. 50 గ్రామాల్లో ఊరికి 20 కుటుంబాల చొప్పున 1,000 కుటుంబాలను సర్వే చేశారనుకోండి. ఒకే ఊరివాళ్లు కొంతవరకు ఒకేలా ఉంటారు. ఆ పోలికను సున్నా నుంచి ఒకటి వరకు ఉండే కొలతలో చూస్తే 0.05 అనుకుందాం. అప్పుడు డిజైన్ ఎఫెక్ట్, అంటే ఆ పోలిక వల్ల సమాచారం ఎన్నో వంతుకు తగ్గుతుందో చెప్పే అంకె, 1 + (20 - 1) × 0.05 = 1.95. మీ 1,000 కుటుంబాలు నిజానికి 513 కుటుంబాలంత సమాచారమే ఇస్తాయి. అదే 100 గ్రామాల్లో పదేసి కుటుంబాలను తీసుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 1.45కు తగ్గి, సమాచారం దాదాపు 690 కుటుంబాలంత అవుతుంది. ఎక్కువ ఊళ్లు తిరగాలి కాబట్టి ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు ఎందుకు పెట్టాలో బడ్జెట్ ఇచ్చేవారికి వివరించగలగడం ఈ ఉద్యోగంలో భాగమే.

ఇంకో లెక్క డిస్కౌంట్ రేటు, అంటే భవిష్యత్తులోని డబ్బును ఇప్పటి విలువకు మార్చేటప్పుడు ఏడాదికి ఎంత శాతం చొప్పున తగ్గించాలన్నది. ఒక అడవి పోవడం వల్ల 50 ఏళ్ల తర్వాత వచ్చే నష్టం 100 కోట్లు అనుకుంటే, 3 శాతం రేటుతో దాని ఇప్పటి విలువ దాదాపు 23 కోట్లు, 7 శాతంతో 3.4 కోట్లు. అడవి అదే, నష్టం అదే. రేటు మార్చగానే రాబోయే తరం నష్టం దాదాపు కనబడకుండా పోతుంది. ఆ రేటును అనుబంధంలో దాచకుండా, రెండు రేట్లతోనూ ఫలితం ఎలా మారుతుందో మొదటి పేజీలోనే చూపించేవారే నిజాయితీగల అనలిస్టులు.

ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు 17, వాటి కింద ఉప లక్ష్యాలు 169. రిపోర్టు చివర రంగుల గుర్తులు అతికించి ‘ఈ ప్రాజెక్టు తొమ్మిది లక్ష్యాలకు తోడ్పడుతుంది’ అని రాయడం మదింపు అనిపించుకోదు. జలవిద్యుత్తు ఏడో లక్ష్యమైన శుద్ధ ఇంధనానికి మేలు చేస్తూనే, నేల మీది జీవజాలానికి చెందిన పదిహేనో లక్ష్యాన్ని దెబ్బతీయవచ్చు. ఆ వైరుధ్యాన్ని, దాని భారం ఎవరి మీద పడుతుందన్నదాన్ని విడమరిచి చెప్పాలి. సగటు ఆదాయం పెరిగిందన్న ఒక్క అంకె వెనుక, భూమి పోగొట్టుకున్నవారు కనిపించకుండా పోతారు.

రాయడం విడిగా నేర్చుకోవాల్సిన నైపుణ్యం. 1:3:25 అనే కొలత చాలాచోట్ల వాడుకలో ఉంది: ఒక పేజీలో ముఖ్యాంశాలు, మూడు పేజీల్లో సారాంశం, 25 పేజీల్లో పూర్తి రిపోర్టు. ఆ మొదటి పేజీలో మీ పద్ధతి గురించి కాదు, ఎంత ఖర్చు, ఎవరికి లాభం, ఎవరికి నష్టం, తప్పని తేలితే వెనక్కి తీసుకోగలమా అన్నవి ఉండాలి. అనిశ్చితిని దాచకండి. ‘12 శాతం తగ్గుతుంది’ కన్నా ‘8 నుంచి 16 శాతం మధ్య తగ్గవచ్చు, 8 అయినా ప్రయోజనం ఖర్చుకు మించే ఉంటుంది’ అన్న వాక్యం అధికారికి ఎక్కువ ఉపయోగం. మదింపు నిర్ణయాన్ని శాసించదని కూడా గుర్తుంచుకోండి. అమెరికా చట్టం కూడా నిర్ణయం తీసుకునే ప్రక్రియనే తప్పనిసరి చేస్తుంది తప్ప ఫలితాన్ని కాదని అక్కడి సుప్రీంకోర్టు 1989లో స్పష్టం చేసింది. తెలిసి తీసుకున్న నిర్ణయం అయ్యేలా చూడటం మీ బాధ్యత.

ఈ ఏడాది చేయాల్సిన పని: ఇప్పటికే ప్రచురితమైన ఒక మదింపు రిపోర్టు తీసుకుని లీ-కోలీ సమీక్ష పద్ధతిలో గ్రేడ్లు వేయండి. ప్రాజెక్టు వర్ణన, ప్రభావాల గుర్తింపు, ప్రత్యామ్నాయాలు, రిపోర్టు రాత లాంటి ప్రతి భాగానికీ ఎ నుంచి ఎఫ్ వరకు గ్రేడ్ ఇచ్చే పద్ధతి అది. రెండు మూడు రిపోర్టులకు ఇలా చేస్తే లోపాలు వాటంతట అవే కళ్లకు కడతాయి. ఎలెక్టివ్‌గా గణాంకాలు గానీ పర్యావరణ ఆర్థికశాస్త్రం గానీ తీసుకోండి. మ్యాపులకు క్యూజీఐఎస్ (QGIS), గణాంక విశ్లేషణకు ఆర్ (R) అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, ఈ రెండూ చాలు. ఇక ఎమ్మెస్సీ ప్రాజెక్టు అంశాన్ని ఏదైనా స్థానిక సంస్థ రాబోయే ఏడాదిలో తీసుకోవాల్సిన నిర్ణయం నుంచి ఎంచుకోండి. థీసిస్‌తోపాటు రెండు పేజీల పాలసీ బ్రీఫ్, అంటే నిర్ణయం తీసుకునేవారి కోసం క్లుప్త నివేదిక, కూడా రాయండి. ఇంటర్వ్యూలో మీ మార్కుల జాబితా కన్నా ఆ రెండు పేజీలే ఎక్కువ మాట్లాడతాయి.

ఉద్యోగాలు కన్సల్టెన్సీల్లో, అభివృద్ధి బ్యాంకుల పర్యావరణ-సామాజిక విభాగాల్లో, మూల్యాంకన సంస్థల్లో, నియంత్రణ మండళ్లలో, చట్టసభల పరిశోధన విభాగాల్లో ఉంటాయి. మొదటి ఉద్యోగం ఎక్కువగా కన్సల్టెన్సీలోనే దొరుకుతుంది. అక్కడో చిక్కుంది: చాలా దేశాల్లో రిపోర్టుకు డబ్బిచ్చేది అనుమతి కోరే సంస్థే. కాబట్టి చేరే ముందు అడగండి: స్కోపింగ్‌లో నాకు పాత్ర ఉంటుందా? నేను సేకరించిన ముడి డేటా భద్రపరుస్తారా? రిపోర్టు రాసినవారి పేర్లు అందులో ఉంటాయా? జవాబులు తడబడితే మరో చోటు చూసుకోండి.

పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. మదింపు, సమీక్ష, పర్యవేక్షణ పనులకు మాస్టర్స్ చాలు. కొత్త పద్ధతులు రూపొందించాలన్నా, పెద్ద మూల్యాంకనాలకు నాయకత్వం వహించాలన్నా పీహెచ్‌డీ అక్కరకొస్తుంది. అయితే రెండు మూడేళ్లు క్షేత్రంలో పనిచేశాకే చేరండి. ఏ ప్రశ్నకు జవాబు లేక నిర్ణయాలు ఆగిపోతున్నాయో అప్పటికి మీకే తెలుస్తుంది, పరిశోధన అంశం అందులోంచే దొరుకుతుంది. ఈలోగా, 1980లో ఏర్పడిన ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఫర్ ఇంపాక్ట్ అసెస్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే ఉత్తమ విధానాల సూత్రాలను చదవడం మొదలుపెట్టండి. విద్యార్థులకు అందులో ప్రత్యేక సభ్యత్వం కూడా ఉంది.