రాడార్‌లో సెల్ వెనకాల ఖాళీ అంటే వాన లేదని కాదు

రాడార్ బొమ్మలో సెల్ (జోరువాన మేఘం) వెనక ఎకో (వానని తాకి తిరిగొచ్చే సిగ్నల్) మాయమైంది, అక్కడ వాన లేదని ప్రాజెక్టులో రాసేశానన్నావే, అది అటెన్యుయేషన్, అంటే దారిలో సిగ్నల్ నీరసపడటం. నువ్వు తీసుకుంది అమెరికా ఎయిర్‌పోర్ట్ రాడార్, టీడీడబ్ల్యూఆర్, 5 సెంటీమీటర్ల వేవ్, ముందున్న జోరువానే సిగ్నల్‌ని మింగేస్తుంది.

1. పక్కనున్న నెక్స్‌రాడ్ (అమెరికా వాతావరణ రాడార్) ఫైల్ కూడా తెరువు, అది 10 సెంటీమీటర్లు, అంతగా దెబ్బతినదు.
2. అందరూ వదిలేసేది ఇదే: రెండింటి స్కాన్ టైము కలవాలి. ఫైల్ పేరులో టైము కాదు, ఆ టిల్ట్ (యాంటెన్నా ఒక ఎత్తు కోణంలో వేసే చుట్టు) తిరిగిన టైము చూడు, ఐదు నిమిషాలు తేడా వచ్చినా గంటకి 60 కిలోమీటర్లతో పోయే సెల్ 5 కిలోమీటర్లు జరిగిపోయుంటుంది, ఇక నువ్వు పోల్చేదేంది?
3. టీడీడబ్ల్యూఆర్ వెలాసిటీ (గాలి వేగం) రాడార్ నుంచి 90 కిలోమీటర్ల లోపలే దొరుకుతుంది.

ఈ లెక్క మన ఒంగోలుకి అతికించబాక, మచిలీపట్నం రాడార్ ఎస్ బ్యాండ్, అంటే నెక్స్‌రాడ్ లాగా 10 సెంటీమీటర్లదే, పైగా దాదాపు 140 కిలోమీటర్ల దూరం.