ఎనిమిది రోజుల జపాన్ ట్రిప్‌కి జపనీస్ ఎంత నేర్చుకుంటే సరిపోతుంది?

నెలన్నరలో ప్రయాణం, ఒక్క ముక్క రాదు, ఎక్కడ మొదలుపెట్టాలి, అసలు నేర్చుకోవడం అవసరమా అని అడిగారు. రెండేళ్ల కిందట నాదీ ఇదే పరిస్థితి. అమ్మను తీసుకుని టోక్యో, క్యోటో చూడ్డానికి ఎనిమిది రోజులు వెళ్లాను. అమ్మ శుద్ధ శాకాహారి. అందుకే నాకైతే అవసరమే అయింది.

ముందుగా ఒక మాట. జపనీస్ వాక్యాల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోకండి, తెలుగులో రాసుకోండి. నేను మొదటి మూడు వారాలు వృథా చేసుకున్నది ఇక్కడే. ఆ భాషలో దీర్ఘం పోతే మాటే మారిపోతుంది. ఒబసన్ అంటే అత్త, ఒబాసన్ అంటే అమ్మమ్మ. బిరు అంటే బిల్డింగు, బీరు అంటే బీరే. ఒత్తులూ అంతే, కిత్తె అంటే తపాలా బిళ్ల, ఒత్తు తీసేసి కితె అంటే ‘వచ్చి’. ఎ-ఏ, ఒ-ఓ తేడా కూడా చూపించే లిపి మనకుంది కదా, దాన్ని వాడుకోండి.

వ్యాకరణం గురించి టెన్షన్ వద్దు. క్రియ చివర్లో వస్తుంది, విభక్తి నామవాచకం వెనకాల వస్తుంది. ‘క్యోతొ కర ఓసక మదె’ అంటే క్యోటో నుంచి ఒసాకా దాకా. ‘కర’ మన ‘నుంచి’, ‘మదె’ మన ‘దాకా’. ప్రశ్న అడగాలంటే వాక్యం చివర ‘క’ చేర్చడమే, మనం ‘ఉందా’ అని దీర్ఘం తీసినట్టు. అమ్మ కోసం నేను బట్టీ పట్టిన వాక్యం ‘నికు మొ సకన మొ తబెమసెన్’. మాటకి మాట తెలుగే: మాంసమూ చేపా తినను.

అయితే ఈ వాక్యం ఒక్కటీ చాలదని క్యోటోలో తెలిసింది. చిన్న ఉదొన్ (లావు గోధుమ నూడుల్స్) కొట్టు, నడుపుతున్నది పెద్దావిడ. నా వాక్యం విని సరేనంది. గిన్నెలో నూడుల్స్, ఉల్లికాడలు, మాంసం ముక్క ఎక్కడా లేదు. అమ్మ చెంచా ఎత్తబోతుంటే ఎందుకో అనుమానమొచ్చి, పులుసు వైపు వేలు చూపించి ‘దషి?’ అన్నాను. దషి అంటే పులుసుకి మూలమైన రసం. ఆవిడ లోపలికెళ్లి గుప్పెడు పల్చటి గోధుమరంగు పొరలు తెచ్చి చూపించింది. రంపపు పొట్టులా ఉన్నాయి, వాసన చూస్తే ఎండుచేప. కత్సువొబుషి అంటారు, అక్కడి పులుసుల్లో చాలావాటికి ఆధారం అదే. ముక్కలు లేవు కాబట్టి చేప లేదన్నది ఆవిడ లెక్క. పాపం ఎంత నొచ్చుకుందో, తెల్లన్నం, ఉప్పులో ఊరిన దోసకాయ ముక్కలు తెచ్చి అమ్మ ముందు రెండు చేతులతో పెట్టింది. మీతో శాకాహారులెవరైనా వస్తుంటే ‘దషి’ అన్న మాట తప్పకుండా నేర్చుకోండి.

మిగతావి కొన్నే. పిలవడానికీ, క్షమించమనడానికీ సుమిమసెన్. అరిగతో గొజైమస్ ఎలాగూ వస్తుంది. ‘కొరె ఒ కుదసై’ అంటే ఇది ఇవ్వండి, ‘తొయిరె వ దొకొ దెస్ క’ అంటే టాయిలెట్ ఎక్కడ. అంకెల మీద టైం పెట్టొద్దు, ధర బిల్లింగ్ మెషిన్ తెర మీద కనిపిస్తుంది.

అడగడం కన్నా వినడం కష్టం. దుకాణంలో బిల్లు కొట్టే అమ్మాయి గడగడా ఏదో అడుగుతుంది. అందులో ‘ఫుకురొ’ వినిపిస్తే సంచీ కావాలా అని. 2020 జూలై నుంచి ప్లాస్టిక్ సంచులకు డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి అడగడం మామూలే. ‘అతతమె’ వినిపిస్తే వేడి చెయ్యాలా అని. వద్దనుకుంటే చెయ్యి కొంచెం ఊపుతూ ‘దైజోబు దెస్’ అంటే చాలు.

జపనీస్ లిపుల్లో కతకన ఒక్కటి నేర్చుకోండి, 46 అక్షరాలు, రోజుకు ఐదు చొప్పున పది రోజుల పని. స్టేషన్ల పేర్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి, వాటి కోసం కాదు, మెనూ కోసం. కోహీ, చికిన్, కరే లాంటి అరువు మాటలన్నీ అందులోనే రాస్తారు, చదివితే చాలు అర్థమైపోతాయి. షి, త్సు అక్షరాలు కవలల్లా ఉంటాయి. చిన్న గీతలు పడుకున్నట్టుంటే షి, నిలబడ్డట్టుంటే త్సు.

అమ్మగారో అత్తగారో వెంట వస్తుంటే కందిపొడి పొట్లం మర్చిపోకండి. దుకాణాల్లో వేడి చేసుకునే అన్నం డబ్బాలు దొరుకుతాయి, ‘గొహన్’ అని అడగండి.