మిషన్ స్ట్రీట్‌లోని ఆఫ్రికన్ డయాస్పోరా మ్యూజియానికి అమ్మానాన్నలను తీసుకెళ్ళవచ్చా?

ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఈ మ్యూజియంలో ఏం నచ్చుతుంది, టికెట్ డబ్బులు దండగేమో అని అడిగారు. నిస్సందేహంగా తీసుకెళ్ళండి. మా అమ్మను తీసుకెళ్ళిన అనుభవంతో చెబుతున్నాను.

2005లో తెరిచిన చిన్న మ్యూజియం ఇది. ఆఫ్రికా నుంచి వేరే దేశాలకు చెదిరిపోయినవాళ్ళనూ వాళ్ళ సంతతినీ కలిపి ఆఫ్రికన్ డయాస్పోరా అంటారు, వాళ్ళ గురించే ఈ మ్యూజియం. శాశ్వత ప్రదర్శనంటూ ఉండదు, కొన్నాళ్ళకోసారి మొత్తం మారిపోతుంది, అందుకే ఏం నడుస్తోందో సైట్‌లో చూసుకునే బయల్దేరండి.

మేం 2011లో వెళ్ళినప్పుడు కర్ణాటక సిద్దీ ఆడవాళ్ళు కుట్టిన బొంతలు పెట్టారు. సిద్దీలంటే బానిసలుగా, సైనికులుగా, నావికులుగా మన దేశానికి వచ్చిన ఆఫ్రికన్ల సంతతి. అమ్మకి ఇంగ్లిష్ రాదు, గోడల మీద రాసింది ఒక్క ముక్క చదవలేదు, కానీ ఒక్కో బొంత ముందు ఎంతసేపు నిలబడిందో! పాత బట్టల పీలికలను అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటూ నడిమికి వచ్చారని తనే కనిపెట్టి నాకు చూపించింది. నాలుగు మూలలా మడత పెట్టి కుట్టిన ముక్కోణపు గుడ్డలున్నాయి, వాటిని ఫూలా అంటారు, అవి లేకపోతే బొంత పూర్తయినట్టు కాదట. మా నాయనమ్మ కూడా పాత చీరలతో బొంతలు కుట్టేది గానీ ఇలా మూలలు ముస్తాబు చేయడం ఎప్పుడూ చూడలేదంది అమ్మ.

అక్కడే హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ అనే పేట గురించి చెప్పాను. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికన్ల గుర్రపు దళం, ఉన్న చోటు కాబట్టే ఆ పేరని తెలిసి ఆశ్చర్యపోయింది, ఆ దారిన ఎన్నిసార్లు బస్సులో వెళ్ళిందో మరి. డయాస్పోరా అనగానే మనకి అమెరికా ఒక్కటే గుర్తొస్తుంది, అందులో దక్కన్ కూడా ఉందని మనవాళ్ళకి తెలియాలి.

మెట్ల దగ్గర మూడంతస్తుల ఎత్తున ఒక ఘనా పాప ముఖం ఉంటుంది, వీధిలోంచి కూడా అద్దాల్లో కనిపిస్తుంది. ఛెస్టర్ హిగ్గిన్స్ తీసిన ఫోటో అది. దాన్ని రెండు వేలకు పైగా చిన్న ఫోటోలతో పేర్చారు, దగ్గరికెళితే ఒక్కో దాంట్లో ఎవరో ఒకరి కుటుంబం, పెళ్ళి, పిల్లలు కనిపిస్తారు. లిఫ్ట్ ఎక్కించినా సరే, దిగేటప్పుడు మెట్ల మీదుగా నెమ్మదిగా తీసుకురండి.

బార్ట్ (అక్కడి లోకల్ రైలు)లో వస్తే మాంట్గోమరీ స్టేషన్‌లో దిగండి, అక్కడి నుంచి నడక కొద్దిగానే. ఆ పక్కనే ఎర్బా బ్యూనా పార్కుంది, పెద్దవాళ్ళు కాసేపు కూర్చోవచ్చు. పెద్ద ఆర్ట్ మ్యూజియం కూడా దగ్గరే గానీ రెండూ ఒకే రోజు పెట్టుకోకండి, కాళ్ళు నొప్పులతో దేన్నీ సరిగా చూడలేరు.