డాలస్ దాకా 16 గంటల విమానం... వేరికోస్ వెయిన్స్ ఉన్న అమ్మ వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మగారికి 63 ఏళ్లు. చెల్లి డెలివరీకి డాలస్ వెళ్లాలి. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 4 గంటలు, అక్కడి నుంచి డాలస్‌కు 16 గంటలట. షుగర్‌కు మాత్రలు వాడుతున్నారు, కాళ్లలో వేరికోస్ వెయిన్స్ (ఉబ్బి మెలికలు తిరిగిన సిరలు) ఉన్నాయి. అంతసేపు కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుందని విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ముందుగా ఆస్పిరిన్ వేయమంటారా? – ఒక పాఠకుడు, కరీంనగర్

డాక్టర్ సలహా: గతంలో ఎప్పుడూ కాళ్లలో గడ్డలు రాకుండా, ఈమధ్య ఆపరేషన్లేమీ జరగకుండా ఉంటే అమ్మగారు నిశ్చింతగా వెళ్లొచ్చు. ఆస్పిరిన్ మాత్రం మీ అంతట మీరు వేయకండి. సిరల్లో గడ్డలను ఆపడానికి దాన్ని నమ్ముకోలేం, పైగా కడుపులో రక్తస్రావం కావచ్చు. గుండె కోసం ఇప్పటికే వాడుతుంటే మానకూడదు.

దుబాయ్ నుంచి డాలస్ దాదాపు 12,900 కిలోమీటర్లు. అయితే డాక్టర్లకు ముఖ్యం దూరం కాదు, కదలకుండా కూర్చునే గంటలు. 4 గంటలు దాటిన ప్రయాణంలో గడ్డల ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో తేలింది. ఆరోగ్యవంతుల్లో అది 6,000 మందిలో ఒకరికే. వయసు, వేరికోస్ వెయిన్స్ వల్ల అమ్మగారికి కొంత ఎక్కువ. కరీంనగర్ నుంచి శంషాబాద్ దాకా కారులో కూర్చునే సమయాన్నీ లెక్కలో వేసుకోండి. దారిలో ఒకసారి దింపి నడిపించండి.

నడిచేటప్పుడు పిక్క కండరాలు రక్తాన్ని పైకి తోస్తాయి. మోకాళ్లు మడిచి కూర్చుంటే ఆ పని ఆగిపోతుంది. అందుకే నడవా పక్క సీటు తీసుకోండి. కిటికీ పక్కన కూర్చోబెడితే పక్కవాళ్లను లేపడానికి మొహమాటపడి మన అమ్మలు అలాగే ఉండిపోతారు. బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగరు! ఈ రెండూ ముందే నచ్చజెప్పండి. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి లేచి నడవాలి, కూర్చున్నప్పుడు మడమలు, వేళ్లు పైకీ కిందకీ ఆడించాలి. నిద్రమాత్రలు వద్దు.

దుబాయ్‌లో దారి తెలియదని వీల్‌చైర్ పెడుతుంటారు. సహాయం తీసుకోండి కానీ, అక్కడున్నంతసేపూ కుర్చీలోనే ఉంచొద్దు. నడవడానికి అంత మంచి అవకాశం మళ్లీ డాలస్‌లోనే.

మోకాలి కింది వరకు ఉండే కంప్రెషన్ సాక్స్ (కాలిని బిగుతుగా పట్టి ఉంచే మేజోళ్లు) బాగా పనిచేస్తాయి. అయితే షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో రక్తప్రసరణ పరీక్షించాకే వేయాలి. తిమ్మిర్లు, పుండ్లు ఉంటే ఈ పరీక్ష మరీ ముఖ్యం. కొలత తీయించి కొనండి.

షుగర్ మాత్రల్లో గ్లిమిపిరైడ్ లాంటిది ఉంటే భోజనం చేతికి వచ్చాకే వేసుకోవాలి, లేదంటే షుగర్ పడిపోవచ్చు. డాలస్ గడియారం మనకన్నా పదిన్నర గంటలు వెనక (చలికాలంలో పదకొండున్నర), కాబట్టి ఏ పూట మాత్ర ఎప్పుడో మీ డాక్టరుతో కాగితం మీద రాయించండి. మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి.

దిగాక రెండు పాదాలూ కాస్త వాచడం మామూలే, ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పి, వేడి ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 911కి ఫోన్ చేయాలి. ప్రయాణమయ్యాక కొన్ని వారాల దాకా ఈ ముప్పు ఉంటుంది. పురిటి పనుల హడావుడిలో అమ్మగారు తన కాలినొప్పి సంగతి ఎవరికీ చెప్పకపోవచ్చు కాబట్టి, ఈ లక్షణాలు మీ చెల్లికీ, బావగారికీ ఇప్పుడే చెప్పి ఉంచండి.