ముక్కులో రెండు చుక్కలు: నస్యంపై మీ సందేహాలు

ప్రశ్న: పొద్దున్నే అణు తైలం వేసుకుంటున్నాను. ప్రతిసారీ గొంతులోకి దిగి మంట పుడుతోంది. పద్ధతిలో ఏమైనా తప్పుందా?
– ఉపాధ్యాయిని, ఖమ్మం

జవాబు: గొంతులోకి అంతగా దిగుతోందంటే నూనె ఎక్కువ పడుతోంది, లేదా వేసుకోగానే గట్టిగా ఎగపీలుస్తున్నారు. చాలామంది చేసే పొరపాట్లు ఈ రెండే. అణు తైలం లాంటి ఆయుర్వేద మందు నూనెను ముక్కులో వేసుకోవడమే నస్యం. రోజూ వేసుకునే దాన్ని ప్రతిమర్శ నస్యం అంటారు. దాని మోతాదు ఒక్కో ముక్కులో 2 చుక్కలు. వైద్యులు చికిత్సగా చేసే మర్శ నస్యంలో 6 నుంచి 10 చుక్కల దాకా వేస్తారు. దానికి ముందు ముఖానికి నూనె మర్దన, కాపడం ఉంటాయి. ఆ మోతాదు చూసి ఇంట్లో అనుకరించకండి.

సీసాను వేడినీళ్ల గిన్నెలో రెండు నిమిషాలు నిలబెట్టండి, పొయ్యి మీద మాత్రం పెట్టొద్దు. ఒక చుక్క మణికట్టు మీద వేసి చూస్తే గోరువెచ్చగా తగలాలి. ముక్కు శుభ్రంగా చీది, వెల్లకిలా పడుకుని, భుజాల కింద పల్చటి దిండు పెట్టుకోండి. తల కొద్దిగా వెనక్కి వాలితే చాలు, మంచం అంచు నుంచి వేలాడదీయనక్కర్లేదు. డ్రాపర్ మొన ముక్కుకు తగలనీయకుండా 2 చుక్కలు వదిలి, మామూలుగా ఊపిరి తీస్తూ ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉండండి. డ్రాపర్ మొన ముక్కుకు తగిలితే చీమిడి సీసాలోకి చేరుతుంది, ఆ సీసా ఇంట్లో ఇంకెవరికీ పనికిరాదు. గొంతులోకి దిగినది మింగకుండా ఉమ్మేసి, గోరువెచ్చటి నీళ్లతో పుక్కిలించండి.

ఇంత జాగ్రత్తగా చేసినా మంట తగ్గకపోతే ఒక్క చుక్కకు దిగండి. అప్పటికీ ఉంటే ఆ తైలం మీకు సరిపడలేదని అర్థం, మానేయండి. మంట పుడితేనే మందు పనిచేస్తున్నట్టని అనేవారి మాట వినొద్దు.

ప్రశ్న: అణు తైలమే కావాలా? ఇంట్లో కాచుకోవచ్చా?
– గృహిణి, తెనాలి

జవాబు: కాచుకోలేరు. చరక సంహిత సూత్రస్థానం 5వ అధ్యాయంలో దీని తయారీ ఉంది. గంధం, అగరు, అతిమధురం, పిల్లిపీచర, మారేడు, ఏలకులు, వాయువిడంగాలు, దేవదారు వంటి పాతిక పైచిలుకు మూలికలను వాన నీటిలో కషాయం కాచి, ఆ కషాయంతో నువ్వుల నూనెను పదిసార్లు పాకం పట్టాలి. పదోసారి నూనెకు సమానంగా మేకపాలు పోయాలి. పాల తడి కాస్త మిగిలినా నూనె చెడుతుంది. పాకం అందాజుగా పట్టి ముక్కులో వేసుకోవడం మంచిది కాదు.

ముక్కు ఎండిపోవడం, పక్కులు కట్టడం వరకే మీ ఇబ్బంది అయితే గానుగ నువ్వుల నూనె చాలు. చిటికెన వేలు ముంచి ముక్కు అంచు లోపల పల్చగా రాసుకోండి. షడ్బిందు తైలం అణు తైలంలాంటిదేనని దుకాణాల్లో చెబుతుంటారు. అది తలనొప్పుల వంటి బాధలకు వైద్యులు ఇచ్చే తైలం, రోజువారీ వాడకానికి కాదు. ఏ నూనె అయినా పాత వాసన వస్తే పారబోయండి.

ప్రశ్న: మనవరాలికి మూడో నెల. లాల పోసేటప్పుడు ముక్కులో, చెవుల్లో నూనె చుక్క వేయడం మా ఇంటి ఆనవాయితీ. కోడలు వద్దంటోంది.
– ఒక నానమ్మ, నిజామాబాద్

జవాబు: మీ కోడలి మాటే సరైనదమ్మా. పసిబిడ్డకు నీళ్లు పొలమారితే దగ్గు వస్తుంది. నూనె అలా కాదు, దగ్గు కూడా రానీయకుండా జారి ఊపిరితిత్తుల్లో చేరగలదు. అక్కడ అది కరగదు. రోజూ కొంచెం కొంచెంగా చేరితే లిపాయిడ్ న్యుమోనియా అనే జబ్బు వస్తుంది. మామూలు యాంటీబయాటిక్ మందులతో అది తగ్గదు. బిడ్డ ఏడుస్తున్నప్పుడు వేస్తే ముప్పు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఏడ్చే బిడ్డ ఊపిరి లోపలికి బలంగా లాగుతుంది.

ప్రతిమర్శ నస్యం పుట్టినప్పటి నుంచీ చేయవచ్చని ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్న మాట నిజమే. మర్శ నస్యం మాత్రం ఏడేళ్లలోపు వారికి వద్దన్నది కూడా ఆ గ్రంథాలే. పసిపిల్లల విషయంలో ఇప్పుడు తెలిసిన ప్రమాదాన్ని పక్కన పెట్టి పాత మాటను పట్టుకోకూడదు. చెవుల్లో కూడా నూనె వద్దు. ఒళ్లంతా నూనె రాసి లాల పోసే ఆనవాయితీని హాయిగా కొనసాగించండి. ముక్కు దిబ్బడగా ఉంటే మందుల షాపులో దొరికే సెలైన్ (ఉప్పునీటి) ముక్కు చుక్కలు ఒకటి రెండు, పాలు పట్టే ముందు వేయండి. ఇప్పటికే నూనె వేస్తూ వచ్చి ఉంటే, పాప వేగంగా ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించి, నూనె సంగతి తప్పకుండా చెప్పండి.

మింగేటప్పుడు పొలమారే వృద్ధులకూ ఇదే జాగ్రత్త. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకున్నవారి ముక్కు దగ్గరికి ఏ నూనే రానీయకూడదు, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. చలికాలం హీటరు వేస్తే మా వారికి ముక్కు ఎండి నెత్తురు చారలు వస్తున్నాయి. అలర్జీకి స్ప్రే కూడా వాడుతున్నారు.

జవాబు: స్ప్రే మానొద్దు. నూనె పూత మీద కొడితే మందు ముక్కు పొరకు సరిగా అంటదు, అందుకే రెండింటినీ వేరువేరు వేళల్లో వాడమనండి. స్ప్రే పొద్దున అయితే, నూనె పడుకోవడానికి ఓ గంట ముందు, వేలితో పూత మాత్రమే. నెత్తురు తరచుగా వస్తున్నా, ఒకవైపే వస్తున్నా నూనెతో సరిపెట్టక ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: రొంప పట్టినప్పుడు వేసుకుంటే తగ్గుతుందా? కరోనా రోజుల్లో ఆయుష్ వాళ్లే చెప్పారు కదా?
– చిరు వ్యాపారి, కర్నూలు

జవాబు: 2020లో ఆయుష్ మంత్రిత్వ శాఖ ఉదయం, సాయంత్రం నువ్వుల నూనో, కొబ్బరి నూనో, నెయ్యో ముక్కుల్లో రాసుకోమన్న మాట వాస్తవమే. అది ఆరోగ్యంగా ఉన్నవారికి చెప్పిన దినచర్య, వైరస్‌కు మందు కాదు. కొత్తగా రొంప పట్టి ముక్కు కారుతున్నప్పుడు, జ్వరంలో, భోంచేసిన వెంటనే, తలస్నానానికి ముందూ వెనకా నస్యం వద్దు. గర్భిణులు తమ వైద్యులను అడగకుండా మొదలుపెట్టొద్దు. రొంపకు ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మేలు: మరగకాచి చల్లార్చిన అర లీటరు నీటికి ముప్పాతిక టీస్పూను ఉప్పు. కాచని కొళాయి నీళ్లు ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి.