ప్యాకేజింగ్ సంస్థలో సర్క్యులర్ ఎకానమీ ఉద్యోగం: నివేదికల విభాగమా, డిజైన్ విభాగమా?

ప్రశ్న: మా అమ్మాయి పాలిమర్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. ఒక ప్యాకేజింగ్ సంస్థ తన సర్క్యులర్ ఎకానమీ విభాగంలో ఉద్యోగం ఇస్తామంటోంది. అదే సంస్థలో ప్యాకేజీ డిజైన్ విభాగంలోనూ ఖాళీ ఉంది. పర్యావరణంపై ఆసక్తి ఉండటంతో తను మొదటిదే కావాలంటోంది. అలాంటి విభాగం నిజంగా వ్యర్థాలను తగ్గించగలదా, నివేదికలు రాయడంతోనే సరిపెడుతుందా? ఏది ఎంచుకోమంటారు? – ఒక తల్లి

జవాబు: మీ సందేహం సహేతుకమైనదే. వాడిన పదార్థం చెత్తకుప్పకు చేరకుండా మళ్లీ ఉత్పత్తిలోకి వచ్చేలా చూడటమే సర్క్యులర్ ఎకానమీ. ప్యాకేజింగ్‌లో ఇది చాలావరకు సీసా లేదా సంచి తయారుకాకముందే, డిజైన్ బల్ల మీదే తేలిపోతుంది. అందుకే నేను డిజైన్ విభాగానికే మొగ్గుతాను.

ఒక ప్లాస్టిక్ సీసానే చూడండి. సీసాను పెట్ (PET) అనే ప్లాస్టిక్‌తోనూ, మూతను పాలీప్రొపిలీన్ లేదా పాలీఇథిలీన్ అనే వేరే రకం ప్లాస్టిక్‌తోనూ చేస్తారు. రీసైక్లింగ్ కేంద్రంలో ముక్కలు చేసి నీటిలో వేసినప్పుడు పెట్ మునుగుతుంది, మూత ముక్కలు తేలతాయి కాబట్టి రెండూ సులువుగా విడిపోతాయి. అదే సీసాకు పీవీసీ లేబుల్ చుడితే, అది కూడా పెట్‌తో పాటే మునిగి, కరిగించే వేడికి కుళ్లిపోయి, మొత్తం పదార్థాన్ని పసుపుబారేలా చేస్తుంది. లేబుల్ సీసానంతా కప్పేస్తే, పరారుణ కాంతితో ప్లాస్టిక్‌ను గుర్తించే యంత్రం లోపలి పెట్‌ను పోల్చుకోలేకపోవచ్చు. కార్బన్ బ్లాక్ అనే నల్ల రంగుపొడి కలిపిన ట్రేలకూ ఇదే గతి, ఎందుకంటే ఆ రంగు కాంతిని పీల్చేసుకుంటుంది. ఈ తప్పులేవీ చెత్త ఏరేవారివి కావు. లేబుల్, రంగు, జిగురు ఎంచుకున్న ఇంజినీరువి, వాటిని ఆమోదించిన మార్కెటింగ్ విభాగానివి.

పొరల సంచుల సమస్య ఇంతకన్నా జటిలం. పెట్, అల్యూమినియం, పాలీఇథిలీన్ పొరలను అతికించిన సంచి తేమనూ ఆక్సిజన్‌నూ చక్కగా అడ్డుకుంటుంది గాని, తర్వాత ఆ పొరలను విడదీయడం చాలా కష్టం. ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ అంచుల తుక్కును కరిగించి, మళ్లీ అదే యంత్రంలో వాడుకోవచ్చు. అతికించిన పొరల తుక్కుతో అది అంత తేలిక కాదు. అంటే ఆ నష్టం ఫ్యాక్టరీలోనే మొదలవుతుంది. అందుకే చాలా సంస్థలు పాలీఇథిలీన్ ప్రధానంగా ఉండి, పలచని అడ్డుపొర ఒకటే ఉన్న సంచుల వైపు మళ్లుతున్నాయి. ఈ మార్పులో సంచి అంచులను వేడితో అతికించే సీల్ ఉష్ణోగ్రత మారుతుంది, యంత్రం వేగం తగ్గవచ్చు, నిల్వ కాలాన్ని మళ్లీ పరీక్షించాల్సి వస్తుంది. పాలిమర్ చదివిన అమ్మాయికి అసలు పని ఉండేది ఇక్కడే. వ్యర్థాలు తగ్గించాలన్న ఉత్సాహంలో ప్యాకేజీని మరీ పలచన చేసి లోపలి ఆహారాన్ని పాడుచేస్తే, జరిగే నష్టం ఆదా అయిన ప్లాస్టిక్ కన్నా ఎక్కువ కావచ్చని కూడా తను గుర్తుంచుకోవాలి.

తిరిగి వాడే డబ్బాలు, క్రేట్లు, ప్యాలెట్ల లెక్క వేరు. అవి బరువుగా, దృఢంగా ఉంటాయి కాబట్టి తయారీకి ఎక్కువ పదార్థం పడుతుంది. ఎన్నిసార్లు తిరిగి వస్తాయి, ఎంత దూరం ప్రయాణిస్తాయి, ఎలా కడుగుతారు అన్న వాటి మీదే లాభనష్టాలు ఆధారపడతాయి. ఆసక్తి ఉంటే జీవితచక్ర మదింపు (తయారీ నుంచి పారేసేదాకా ఒక వస్తువు పర్యావరణంపై చూపే ప్రభావాన్ని లెక్కగట్టడం), సరఫరా వ్యవస్థల నిర్వహణ నేర్చుకోమనండి.

నివేదికల పని చూసే సర్క్యులర్ ఎకానమీ విభాగాన్ని నేను తీసిపారేయడం లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం, కొన్ని మినహాయింపులు పోగా, 2030 నుంచి అక్కడ అమ్మే ప్యాకేజింగ్ రీసైక్లింగ్‌కు అనువుగా ఉండాలి. అక్కడికి సరుకు పంపే ఏ దేశపు సంస్థకైనా వీటిని చదివి అర్థం చేసుకునేవారు కావాలి. అయితే ఆ పనిలోకి డిజైన్ అనుభవంతో తర్వాతైనా వెళ్లవచ్చు. నివేదికల నుంచి డిజైన్‌కు రావడం అంత సులువు కాదు.

ఇంటర్వ్యూలో తను రెండు ప్రశ్నలు అడగాలి. రీసైక్లింగ్‌కు పనికిరాని డిజైన్‌ను ఆపే అధికారం సర్క్యులర్ ఎకానమీ విభాగానికి ఉందా? గత ఏడాది ఆ విభాగం చెప్పడం వల్ల మారిన ప్యాకేజీ ఒక్కటైనా చూపించగలరా? సూటిగా జవాబిచ్చి, అలా మారిన సీసానో సంచినో చేతిలో పెడితే, మీ అమ్మాయి కోరుకున్న విభాగంలోనే నిశ్చింతగా చేరవచ్చు, నా మొగ్గును పక్కన పెట్టేయండి. జవాబు వార్షిక నివేదికలోని బొమ్మల దగ్గరే ఆగిపోతే, డిజైన్ విభాగంలో చేరమనండి.